కాలేయ ఖండం

మన శరీరంలోని అవయవాలలో హృదయానికి దక్కిన గౌరవం కాలేయానికి దక్కలేదు. కవులు హృదయాన్ని కీర్తించారు, కన్నులను వర్ణించారు, చివరకు నడుమును సైతం విడిచిపెట్టలేదు. కాలేయం మాత్రం మాంసం దుకాణంలో ‘కార్జం’గానే మిగిలిపోయింది. ఆయుర్వేద గ్రంథాలు దానిని యకృత్తు అన్నాయి. మన పాఠ్యపుస్తకాలు కాలేయమన్నాయి. ఆ రెండు పేర్లలోనూ ఆప్యాయత లేదు. అయితే హైదరాబాదు పాతనగరంలో ఈ అవయవానికి పెద్దపీట వేశారు. అక్కడి ఉర్దూలో ‘జిగర్’ అంటే కాలేయం, ధైర్యమన్నా అదే. ప్రాణస్నేహితుడు ‘జిగ్రీ దోస్త్’. కన్నబిడ్డ ‘జిగర్ కా టుక్డా’, అనగా కాలేయపు ముక్క. జీర్ణకోశ శస్త్రచికిత్సలో ముప్పై ఏళ్లకు పైగా గడిపిన నాకు ఈ చివరి మాట ఒట్టి నానుడి కాదనీ, శాస్త్రం ఎంతో ఆలస్యంగా అందుకున్న సత్యమనీ తెలిసివచ్చింది. అది ఎట్లా తెలిసిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెద్దవారిలో కాలేయం సుమారు కిలోన్నర బరువు ఉంటుంది. శరీరం లోపలి అవయవాలలో ఇంతకన్నా పెద్దది లేదు. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దీని గుండా ప్రవహిస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులు పేగుల నుండి ద్వారసిర మోసుకువచ్చేదే. మనం తిన్న అన్నం, మింగిన మందు, తాగిన కల్తీ నీరు అన్నీ ముందుగా ఈ గుమ్మం ముందు ఆగి, పరీక్షలో నెగ్గి, ఆ తరువాతనే గుండెకు చేరవలసి ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన మాంసకృత్తులలో అధికభాగం ఇక్కడే తయారవుతాయి. అందుచేతనే కాలేయం చెడిన రోగిని కోయడానికి శస్త్రవైద్యుడు వెనుకాడుతాడు. కోస్తే రక్తం ఆగదు; ఆపవలసిన అవయవమే జబ్బుపడి ఉంటుంది.

దీనికి మరే అవయవానికీ లేని వరం ఒకటి ఉన్నది. ఆరోగ్యవంతమైన కాలేయంలో మూడింట రెండు వంతులు కోసివేసినా, మిగిలిన వంతు కొద్ది నెలలలో పెరిగి దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. బల్లికి తెగిన తోక మళ్లీ మొలిచినట్లు కాదు సుమా! కోసిన భాగం మొలవదు. మిగిలిన భాగమే ఉబ్బి, బరువెక్కి, పూర్తి కాలేయపు పనిని తలకెత్తుకుంటుంది. ఇంట్లో అన్న మరణిస్తే తమ్ముడు రెండు కాపురాల బరువు మోసినట్లన్నమాట. గ్రీకు పురాణంలో ప్రొమీథియస్ కాలేయాన్ని గద్ద పగలంతా పొడుచుకు తింటే రాత్రికి రాత్రి అది పెరిగేదట. ఆ కథ కల్పించినవారికి ఈ సంగతి తెలిసే ఉండునా అన్నది చర్చనీయాంశం. నా మట్టుకు నాకు అది కాకతాళీయమే అనిపిస్తుంది.

నేను పాలమూరు జిల్లాలోని ఒక పల్లె నుండి వచ్చి 1978లో ఉస్మానియా వైద్య కళాశాలలో చేరాను. కోఠీలో పాఠాలు, అఫ్జల్‌గంజ్‌లోని పెద్దాసుపత్రిలో శిక్షణ. నయాపుల్ వంతెనకు ఆవల చార్మినారు, మదీనా, పత్తర్‌గట్టీ, ఈవల ఆసుపత్రి. పాతనగరపు రోగులు మూసీ దాటి మా వద్దకు వచ్చేవారు. 1866లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిగా వెలసిన ఆ వైద్యశాల 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ వరద నగరంలో వేలాదిమందిని బలిగొన్నది. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు మీదికి ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉన్నది. వరద తరువాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా ప్రకారం గుమ్మటాలతో కొత్త భవనం లేచింది. మేము చదువుకునే రోజులలో ఆ గుమ్మటాల కింద పావురాలు గూళ్లు కట్టేవి. వాటి కువకువల మధ్యనే ప్రొఫెసర్లు పాఠం చెప్పేవారు. శిథిలమైన ఆ భవనంలోనికి 2020 జూలైలో వాన నీరు చేరగా రోగులను అక్కడి నుండి తరలించి దానిని మూసివేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

పరిశోధన అనగానే విద్యార్థులకు తెల్లకోట్లు, అద్దాల గదులు, విదేశీ విశ్వవిద్యాలయాలు మనసులో మెదులుతాయి. కాని అఫ్జల్‌గంజ్‌లో పరిశోధన నేను పుట్టడానికి చాలాకాలం ముందే జరిగింది. 1888లో, మళ్లీ 1889లో, ఇక్కడ క్లోరోఫారమ్ కమిషన్ కూర్చున్నది. మత్తు కోసం ఇచ్చే క్లోరోఫారమ్ రోగిని చంపినప్పుడు మొదట ఆగేది శ్వాసా, గుండెనా అన్నది ప్రశ్న. నిజాం ప్రభుత్వం ధనమిచ్చింది. లండన్ నుండి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. రెసిడెన్సీ శస్త్రవైద్యుడైన ఎడ్వర్డ్ లారీ వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేయించి, శ్వాసే ముందు ఆగుతుందని, ఊపిరిని గమనిస్తూ ఉంటే గుండెకు భయం లేదని తీర్పు చెప్పాడు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే మత్తువైద్యంలో ఆరితేరింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమెను లెక్కిస్తారు. అయితే 1911లో లెవీ అనే శాస్త్రవేత్త, క్లోరోఫారమ్ గుండె లయను చెదరగొట్టి నేరుగానే చంపగలదని నిరూపించాడు. లారీ తీర్పు నిలువలేదు. మా ఊరి ఆసుపత్రి పేరు ప్రపంచ వైద్య చరిత్రకెక్కినది ఒక తప్పు సిద్ధాంతంతో అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. నేను అట్లా అనుకోను. ప్రశ్నను బాహాటంగా అడిగి, కొలతలు రాసిపెట్టి, ఇతరులు తప్పుపట్టడానికి వీలుగా అచ్చువేయించిన తీర్పు అది. అచ్చుకాని అభిప్రాయాన్ని ఎవరు మాత్రం ఖండించగలరు?

1908వ సంవత్సరం నాకు మరొక కారణం వల్ల కూడా గుర్తు. మూసీ పొంగిన ఆ ఏడాదే గ్లాస్గోలో ప్రింగిల్ అనే శస్త్రవైద్యుడు ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ప్రమాదంలో కాలేయం చీలిపోయి రక్తం కాలువలుగా పారుతున్నప్పుడు, కాలేయానికి దిగువన ధమని, ద్వారసిర, పిత్తనాళం కలసి వచ్చే కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తిపట్టితే రక్తం ఆగుతుందని ఆయన కనుగొన్నాడు. ఆయన శస్త్రచికిత్స చేసిన రోగులు దక్కలేదు. పద్ధతి మాత్రం దక్కింది. నూరేళ్లు దాటినా నేటికీ కాలేయాన్ని కోసే ప్రతి వైద్యుడు ఆ కాడను వెతికి పట్టుకోవడం తెలిసినవాడే అయి ఉండాలి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా గురువుగారు నా చూపుడువేలిని తన చేతితో పట్టుకొని ఆ కాడ వెనుకనున్న సందులోనికి తోసి, “తెలిసిందా నాయనా? రేపు అర్ధరాత్రి నేను ఉండను, ఈ వేలే ఉంటుంది” అన్నారు. నా వేలి కింద ధమని కొట్టుకోవడం నాకు తెలిసింది.

కాలేయానికి కుడి ఎడమల హద్దు ఎక్కడ ఉన్నదో కూడా చాలాకాలం సరిగా తెలియలేదు. పైకి కనిపించే మడతనే సరిహద్దుగా అందరూ నమ్మారు. 1897లో హాంకాంగ్‌లో పనిచేసిన జేమ్స్ కాంట్లీ ఒక మృతదేహాన్ని పరీక్షించి, అసలు హద్దు పిత్తాశయం నుండి మహాసిర వరకు పోయే ఒక కంటికి కనబడని గీత అని తేల్చాడు. అటుతరువాత ఫ్రాన్సులో క్లాడ్ కుయినో మృతుల కాలేయాల రక్తనాళాలలోనికి ద్రవరూపంలోని ప్లాస్టిక్కును ఎక్కించి, గట్టిపడిన పిమ్మట చుట్టూ ఉన్న మాంసాన్ని కరిగించివేశాడు. మిగిలినది కొమ్మలు రెమ్మలుగా విస్తరించిన ఒక రంగురంగుల చెట్టు! ఆ చెట్లను చూసి, కాలేయంలో ఎనిమిది ఖండాలున్నాయనీ, ఒక్కొక్క ఖండానికి తనదైన ధమని, సిర, పిత్తనాళం ఉంటాయనీ 1957లో ఆయన గ్రంథస్థం చేశాడు. ఒకే పొలంలో ఎనిమిది మడులు, మడి మడికీ వేరు కాలువ, వేరు తూము అన్నమాట. ఒక మడిని ఎండగట్టినా పక్క మడి పచ్చగా ఉంటుంది. ఈ పటం లేకుంటే కాలేయాన్ని ముక్కగా కోసి మరొకరికి పెట్టవచ్చునన్న ఊహకే తావుండేది కాదు.

ఇక నేను చెప్పదలచుకున్న ఘట్టానికి వస్తాను. 1987లో నేను శస్త్రచికిత్సలో పట్టభద్ర శిక్షణ పొందుతున్న కాలంలో లాడ్ బజారులో లక్క గాజులు చేసే ఒక కార్మికుడు అయిదు నెలల బిడ్డను ఎత్తుకొని వచ్చాడు. బిడ్డ కళ్లు పసుపు ముద్దల వలె ఉన్నాయి. మలం సున్నపు తేటవలె తెల్లగా ఉన్నది. పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయిన జబ్బు అది. పిత్తం బయటికి పోయే దారిలేక కాలేయంలోనే నిలిచి, దానిని రాయి చేస్తుంది. జపానులో కసాయ్ అనే వైద్యుడు 1950లలోనే దీనికొక శస్త్రచికిత్స కనిపెట్టాడు. పేగును కాలేయానికి నేరుగా కలిపి పిత్తానికి కొత్త దారి తీయడం అందులోని కిటుకు. అయితే అది బిడ్డకు రెండు నెలలు నిండకముందు చేస్తేనే ఎక్కువగా ఫలిస్తుంది. ఈ బిడ్డకు అప్పటికే అయిదు నెలలు. కామెర్లకు పసరు పోయించారు, తాయెత్తు కట్టించారు, నలుగురు చెప్పిన చోటికల్లా తిప్పారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. తెల్లని మలం ప్రమాద చిహ్నమని వాళ్లకు చెప్పినవారు ఎవరూ లేరు.

మా ప్రొఫెసర్ గారు కాలేయం పూర్తిగా గట్టిపడిపోయిందనీ, చేయగలిగినది లేదనీ ఆయనకు నెమ్మదిగా చెప్పారు. ఆ మనిషి కొంతసేపు నేలవైపు చూశాడు. నిత్యం వేడి లక్కను వంచీ వంచీ ఆయన వేళ్ల కొసలు కమిలి, చర్మం నునుపెక్కి ఉన్నది. ఆ చేతిని తన పక్కటెముకల మీద పెట్టుకొని, “సాబ్, మేరా జిగర్ కాట్‌కే ఇస్కూ లగాదేవ్ నా. పూరా నక్కో, టుక్డా బస్” అన్నాడు. నా కార్జం కోసి వీడికి పెట్టండి, మొత్తం వద్దు, ముక్క చాలు అని ఆయన అర్థం. అక్కడున్న నర్సమ్మ కంటనీరు పెట్టుకున్నది. దుఃఖంలో అన్న మాటగా మేమందరం దానిని భావించాము. అట్లా భావించడంలో వింత లేదు; ఆ రోజున భూమ్మీద ఏ దేశంలోనూ బ్రతికి ఉన్న మనిషి కాలేయం నుండి ముక్క తీసి మరొకరికి అమర్చిన శస్త్రవైద్యుడు లేడు. బిడ్డ మరి రెండు నెలలు బ్రతికాడు.

ఆ ప్రశ్న నన్ను గ్రంథాలయానికి నడిపించింది. మాకు అప్పట్లో విదేశీ వైద్యపత్రికలు నెలల ఆలస్యంగా వచ్చేవి. పాత సంచికలు తిరగవేస్తుంటే థామస్ స్టార్‌జల్ పేరు కనిపించింది. 1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో ఆయన ప్రపంచంలోనే తొలిసారిగా మనిషికి కాలేయ మార్పిడి చేశాడు. రోగి మూడేళ్ల బాలుడు. జబ్బు, మా లాడ్ బజారు బిడ్డకు వచ్చినదే. రక్తస్రావం ఆగక ఆ బాలుడు శస్త్రచికిత్స బల్ల మీదనే మరణించాడు. తరువాత చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. ఆయన తనంతట తానే పని ఆపివేసి, మూడేళ్లకు పైగా ప్రయోగశాలకే పరిమితమయ్యాడు. 1967లో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఏడాది కాలేయం అమర్చిన ఒక పసిపాప ఏడాదికి పైగా జీవించింది. మొదటి మరణం తరువాత సహచరులు ఆయనను ఏమన్నారో, ఆ బాలుని తల్లి ముఖం ఆయన ఎట్లా చూశాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను. పరిశోధకుని ధైర్యాన్ని మనం సులభంగా మెచ్చుకుంటాము. ఆ ధైర్యానికి మూల్యం చెల్లించేది మాత్రం చాలాసార్లు రోగి. ఈ లెక్క ఎప్పటికీ పూర్తిగా సరిపోదు. అయినా స్టార్‌జల్ పని ఆపవలసిన చోట ఆపాడు గనుక నాకు ఆయన మీద గౌరవం.

కోతలో నేర్పు వచ్చినా మరొక చిక్కు మిగిలింది. శరీరం పరాయి అవయవాన్ని దొంగగా భావించి తరిమివేస్తుంది. ఆ తిరస్కారాన్ని అదుపు చేసే మందులు రెండు, చిత్రంగా, మట్టిలో నుండి దొరికాయి. నార్వే దేశపు మట్టిలోని ఒక బూజు నుండి సైక్లోస్పోరిన్, 1984లో జపానులోని సుకుబా మట్టిలోని సూక్ష్మజీవి నుండి టాక్రోలిమస్. సైక్లోస్పోరిన్ 1980లలో వాడుకలోనికి వచ్చిన పిమ్మట కాలేయ మార్పిడి ప్రయోగమనే పేరును వదిలించుకొని చికిత్స అయినది. అంతకుముందు మార్పిడి జరిగిన రోగులలో ఏడాది దాటి బ్రతికినవారు మూడోవంతు కూడా లేరు.

లక్క గాజుల కార్మికుడు అడిగిన ఏడాదిన్నర గడిచేసరికి, 1988 డిసెంబరులో బ్రెజిల్‌లో, తల్లిదండ్రుల వంటి బ్రతికున్న దాతల నుండి బిడ్డకు కాలేయ ఖండం అమర్చే ప్రయత్నం జరిగింది. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక తల్లి తన కాలేయ ఖండాన్ని కుమారునికి ఇవ్వగా ఆ బాలుడు బ్రతికాడు. మరణించినవారి అవయవాలు తీయడానికి సమాజం సుముఖంగా లేని జపాను ఈ విద్యను ఎంతో అభివృద్ధి చేసింది. ఆ వార్త చదివిన రోజున నేను లైబ్రరీ నుండి వార్డుకు నడిచి వస్తూ దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. చదువులేని మనిషి తన భాషలోని నానుడిని నమ్మి అడిగిన ప్రశ్న అది. దానికి జవాబు మరో ఖండంలో దొరికింది.

మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చి మెదడు మరణాన్ని మరణంగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టం తాను చేసుకున్నది. 1998 నవంబరులో ఢిల్లీలో భారతదేశపు తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి జరిగింది. రోగి ఇరవై నెలల తమిళ బాలుడు. జబ్బు మళ్లీ అదే. దాత తండ్రి. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, వైద్యవిద్య చదివి డాక్టరయ్యాడు.

ఇంతవరకు శస్త్రవైద్యుల గొప్ప చెప్పాను. కాని కాలేయం విషయంలో కత్తి ఎప్పుడూ చివరి మజిలీయే. పాతనగరంలో నేను చూసిన కాలేయరోగాలలో అధికభాగం నీటి వల్ల, రక్తం వల్ల, సారాయి వల్ల వచ్చినవి. 2005 మార్చి నుండి ఆగస్టు వరకు హైదరాబాదులో వేయిమందికి పైగా కామెర్లకు గురయ్యారు. దర్యాప్తు చేసినవారు అది హెపటైటిస్-ఇ అని, మంచినీటి గొట్టాలు మురుగు కాలువలను దాటుతూ పోయే చోట్ల కలుషితమైందని తేల్చారు. ఒక గొట్టపు అతుకును బాగుచేసిన కూలివాడు ఎంతమంది కాలేయాలను కాపాడునో ఏ శస్త్రవైద్యుడూ అంతమందిని కాపాడలేడు. ఈ మాట మా వృత్తిలోనివారికి అంతగా రుచించదు.

కామెర్లకు మన పల్లెల్లో నేల ఉసిరి పసరు పోస్తారు. దీనిని ఒట్టి మూఢనమ్మకమని తోసిపుచ్చడం కూడా శాస్త్రం కాదు. మద్రాసులో త్యాగరాజన్ బృందం ఈ మొక్కను హెపటైటిస్-బి ఉన్నవారికి ఇచ్చి చూసి, ఫలితం బాగున్నదని 1988లో లాన్సెట్‌లో ప్రకటించింది. ఆ వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ సైతం ఇందులో ఆసక్తి చూపాడు. కాని ఇతర దేశాలలో చేసిన పరీక్షలలో ఆ ఫలితం మళ్లీ కనిపించలేదు. మా అమ్మమ్మ ఏటా వానలు మొదలవగానే నేల ఉసిరి ఏరి నీడన ఎండబెట్టేది. ఆమె మీది ప్రేమ వేరు, పరీక్షా ఫలితం వేరు. రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచుకోవడం నేను శ్రమపడి నేర్చుకున్నాను.

పాతనగరానికి సంబంధించిన మరొక పరిశోధనను ఇక్కడ స్మరించడం న్యాయం. ఉస్మానియాలో జీర్ణకోశ వైద్యాన్ని బోధించిన డాక్టర్ సి. ఎం. హబీబుల్లా గారు శస్త్రవైద్యులు కారు. హఠాత్తుగా కాలేయం చెడి స్పృహ తప్పిన రోగులకు మార్పిడి అందని రోజులలో, కాలేయమంతా కాకున్నా కాలేయ కణాలనైనా ఇస్తే కొంతకాలం నిలబెట్టవచ్చునా అని ఆయన, ఆయన సహచరులు ఆలోచించారు. పిండ దశలోని కాలేయ కణాలను ఏడుగురు రోగుల ఉదరకుహరంలోనికి ఎక్కించి, ఆ ఫలితాలను 1994లో అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. తరువాత కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాలలో కాలేయ పరిశోధన కేంద్రంలో ఆ కృషి కొనసాగింది. ఏడుగురు అంటే చాలా తక్కువ సంఖ్య. దాని మీద గట్టి నిర్ణయం చేయరాదు. ఆ చికిత్స ఇంకా నిత్య వైద్యంలోనికి రాలేదు. అయినా మూసీ ఒడ్డున ఉన్న వైద్యులు ప్రపంచం అడుగుతున్న ప్రశ్ననే తమ రోగుల కోసం అడిగారు. ఎక్కడి నుండో జవాబు దిగుమతి అయ్యేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేదు.

నా సొంత పరిశోధన వీటి పక్కన పెట్టదగినది కాదు. నేను చేసినదల్లా వార్డు రిజిస్టర్లు తిరగవేయడం. పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డలు పుట్టిన ఎన్నో నాటికి మా వద్దకు చేరుతున్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాను. చాలామంది రెండు నెలల గడువు దాటాకనే వచ్చారు. ఎందుకు ఆలస్యమైందని ప్రతి తల్లినీ అడిగి, ఆమె మాటలలోనే జవాబు రాసుకున్నాను. “మా పెద్దోడికి గూడ పుట్టంగనే కామెర్లు అయినయి, ఎండకు వెట్టినం, తగ్గినయి” అని ఒక తల్లి. “మలం తెల్లగుంటే పాలు అరుగుతలేవనుకున్నం సారూ” అని మరొక తల్లి. తైవాన్ దేశంలో ప్రతి తల్లికి మలం రంగులు అచ్చువేసిన ఒక కార్డు ఇస్తారని, 2004 నుండి దేశమంతటా ఈ ఏర్పాటు ఉన్నదని చదివాను. ఆ నమూనాలో ఒక కార్డు తయారుచేయించి కొన్ని అంగన్‌వాడీ కేంద్రాలకు స్వయంగా తీసుకువెళ్లాను. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఆ కార్డును తిప్పి తిప్పి చూసి, “దీనికి అంత పెద్ద డాక్టరు రావాలెనా సారూ, ఫోనుల చెప్తె నేనే రంగులు వేస్తుంటిని గదా” అన్నది. ఆమె మాట నిజమే.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో జీవన్‌దాన్ పథకం పని మొదలుపెట్టింది. మెదడు మరణం పొందినవారి అవయవాలు ఎవరికి చెందాలో వరుసక్రమం ప్రకారం ఇందులో నిర్ణయిస్తారు. ఆరు గంటల వ్యవధితో రెండుమార్లు పరీక్షించి, నలుగురు వైద్యులు ధ్రువీకరిస్తేనే మెదడు మరణంగా ప్రకటిస్తారు. తీసిన కాలేయాన్ని సుమారు పన్నెండు గంటలలోగా అమర్చాలి. ఆరోగ్యశ్రీ పథకం తోడుకావడంతో ప్రైవేటు ఆసుపత్రులలో ఇరవై లక్షల రూపాయలకు పైగా ఖర్చయ్యే ఈ చికిత్స ఉస్మానియా ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా అందింది. 2024లో అక్కడి జీర్ణకోశ శస్త్రచికిత్స విభాగం వైద్యులు ఖమ్మం ప్రాంతానికి చెందిన మూడేళ్ల బాలునికి తల్లి కాలేయ ఖండాన్ని అమర్చారు. జబ్బు ఏదో ఇక నేను చెప్పనక్కరలేదు.

అవయవదానం గురించి సభలలో మాట్లాడే వక్తలు దధీచిని, శిబిని తప్పక తలుస్తారు. చప్పట్లు కొట్టినవారిలో అంగీకార పత్రం మీద సంతకం చేసేవారు ఎందరో నేను లెక్కపెట్టలేదు. మతం ఒప్పదేమోనని సంకోచించే పాతనగర కుటుంబాలకు, 1988లో జిద్దాలో ఇస్లామిక న్యాయపండితుల మండలి షరతులతో దీనిని అనుమతించిందని చెప్పేవాణ్ణి. కొందరు తమ మౌల్వీ సాబ్‌ను అడిగి వస్తామనేవారు. అది సబబే.

మరణించినవారి దానం చాలక మనం బ్రతికున్న దాతల మీదనే ఎక్కువగా ఆధారపడుతున్నాము. ఇక్కడే నా మనసుకు ఎప్పుడూ నెమ్మది ఉండదు. రోగికి శస్త్రచికిత్స చేయడం వైద్యం. ఏ జబ్బూ లేని మనిషి కడుపు కోయడాన్ని ఏమనాలి? పెద్దవారికి ఇవ్వవలసివస్తే దాత కాలేయంలో కుడివైపు భాగం, అంటే సుమారు అరవై శాతం తీయవలసి ఉంటుంది. అది పెరుగుతుందన్నది నిజమే. అయినా ప్రపంచవ్యాప్తంగా వేయిమంది దాతలకు ఇద్దరి నుండి అయిదుగురి వరకు మరణించవచ్చునని వైద్యులు లెక్క చెబుతారు. మన దేశంలో దాతలలో భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు ఎక్కువ; గ్రహీతలలో పురుషులు ఎక్కువ. ఇది ప్రేమేనా, లేక కాదనలేకపోవడమా? రెండూ కలిసే ఉంటాయని నా అనుభవం.

అందుచేత దాతను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడటం నియమంగా పెట్టుకున్నాను. భర్త ఉండరాదు, అత్తగారు ఉండరాదు, ఊరి పెద్దమనిషి అసలే ఉండరాదు. “ఇష్టం లేకుంటే నాకు చెప్పమ్మా. మీ కాలేయం పనికిరాదని నేను బయట చెబుతాను. కారణం ఎవరికీ తెలియదు” అనేవాణ్ణి. అబద్ధం ఆడటానికి వైద్యునికి అనుమతి ఉన్న కొద్ది చోట్లలో ఇది ఒకటి. కొందరు ఆ మాట కోసమే ఎదురుచూసినట్లు తల ఊపేవారు. వారి కాలేయం ‘పనికిరాలేదు’. ఆ కుటుంబాలలో కొన్నింటికి మరో దాత దొరికాడు, కొన్నింటికి దొరకలేదు.

వికారాబాదు వైపు నుండి వచ్చిన ఒక ఇల్లాలు నా మాట పూర్తిగా విని, చాలాసేపు మౌనంగా ఉన్నది. ఆమె భర్తకు కాలేయం చెడింది. నేను తొందరపెట్టలేదు. చివరకు, “ఇష్టం గురించి కాదు సారూ, నేనడిగేది వేరే ఉన్నది” అన్నది. అడగమన్నాను.

“కోసినంక ఎన్ని దినాలకు బరువు ఎత్తొచ్చు?”

మూడు నెలల వరకు బిందె కూడా ఎత్తరాదని చెప్పాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకొని, “అయితే నాట్ల యాల్లకు అందుకుంట” అని లేచి నిలబడి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపమన్నది.